పాఠకుల ప్రశ్నలు: యుద్ధం జరగని ఊళ్లో యుద్ధ పాఠం

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం (1775–1783) సాగిన కాలంలో న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్ రెండు చలికాలాలు జార్జ్ వాషింగ్టన్ సైన్యానికి విడిది. ఆ ఊరి పాత్రను పిల్లలకు ఎలా చెప్పాలో అడుగుతూ అక్కడి ఉపాధ్యాయులు, ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: లెక్సింగ్టన్, సారటోగా, యార్క్‌టౌన్ అనగానే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. మోరిస్‌టౌన్‌లో ఒక్క పోరాటమూ జరగలేదు. పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి? — నాలుగో తరగతి టీచర్

పటం దగ్గర మొదలుపెట్టండి. వాషింగ్టన్ పేరు మొదటి పావుగంట ఎత్తకండి.

పిల్లలకు ఒక చిక్కు ఇవ్వండి: "శత్రువు న్యూయార్క్ నగరంలో ఉన్నాడు. మీ దగ్గర అలిసిపోయిన, బట్టలు చినిగిన సైన్యం ఉంది. చలికాలం గడపాలి. ఎక్కడ దిగుతారు?" బ్రిటిష్ వాళ్లు 1776 సెప్టెంబర్‌లో న్యూయార్క్ పట్టుకున్నారు. మోరిస్‌టౌన్ అక్కడికి పడమరగా దాదాపు 30 మైళ్లు. మధ్యలో వాచంగ్ కొండల వరసలు అడ్డం. దక్షిణాన చిత్తడి నేల. వెనక పొలాలున్న పల్లెలు, ఇనుప గనులు. కౌంటీలోని హైబర్నియా, మౌంట్ హోప్ కొలుముల్లో సైన్యానికి ఫిరంగి గుండ్లు పోతపోశారు. జేకబ్ ఫోర్డ్ జూనియర్ విప్పనీ నది ఒడ్డున తుపాకిమందు మిల్లు నడిపాడు. ఇటు హడ్సన్ నదికీ, అటు ఫిలడెల్ఫియాకూ దారులున్నాయి. ఇంకేం కావాలి?

మూడు పొరల పటం గీయించండి. అడుగున తెల్ల కాగితం మీద నదులు, కొండలు. దానిపై ట్రేసింగ్ కాగితం వేసి ఊళ్లు, పాత దారులు. మూడో పొరలో సైన్యాలు, కొలుములు, మిల్లు. పొరలను ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోతే ఈ ఊరే ఎందుకన్నది పిల్లలే చెప్పేస్తారు.

ఈ పనిని చెడగొట్టేది ఒకటుంది. ఇప్పటి రోడ్ల పటం ఇచ్చారంటే హైవేలు, సొరంగాలు చూసి పిల్లలు "30 మైళ్లా, గంటలో పోవచ్చు" అంటారు. ఆనాటి సైన్యం బళ్లతో, ఫిరంగులతో రోజుకు 12–15 మైళ్లు నడిస్తే గొప్ప. దూరాన్ని మైళ్లలో కాకుండా రోజుల్లో రాయించండి. అప్పుడు కొండల విలువ తెలుస్తుంది: శత్రువు బయల్దేరాడన్న కబురు అతనికన్నా ముందే చేరుతుంది.

తేదీల్లో రెండు చాలు. ట్రెంటన్, ప్రిన్స్‌టన్ గెలుపుల తర్వాత 1777 జనవరి 6న సైన్యం మొదటిసారి వచ్చి మే చివరిదాకా ఉంది. 1779 డిసెంబర్‌లో రెండోసారి వచ్చింది. వాషింగ్టన్ 1780 జూన్ దాకా ఫోర్డ్ వారి భవంతిలో ఉన్నాడు. వాలీ ఫోర్జ్ అనే ఇంకో చలికాలపు విడిది ఈ రెంటికీ మధ్యది, 1777–78. దీన్ని బోర్డు మీద రాసి వారం పాటు చెరపకండి. పిల్లలే కాదు, పెద్దలు కూడా మూడింటినీ కలిపేస్తారు.

ప్రశ్న: చలి, ఆకలి అని పుస్తకంలో ఉంది. పిల్లలు చదివి వదిలేస్తున్నారు. తరగతి గదిలో అది అనుభవంలోకి తేవడం ఎలా? — అయిదో తరగతి టీచర్

అనుభవంలోకి తేవడం మన వల్ల కాదు, ఆ ప్రయత్నం చేయకపోవడమే మంచిది. కొలతల్లోకి తేవచ్చు. పిల్లల మీద అదే బాగా పనిచేస్తుంది.

మొదట గుడిసె. 1779–80 చలికాలంలో, ఊరి నడిబొడ్డు నుంచి అయిదు మైళ్ల దూరంలోని జాకీ హాలో అడవిలో సైనికులు వెయ్యికి పైగా దుంగల గుడిసెలు కట్టారు. ఒక్కోటి సుమారు 14 అడుగుల వెడల్పు, 15–16 అడుగుల పొడవు, చూరు దగ్గర ఆరున్నర అడుగుల ఎత్తు. అందులో 12 మంది. దుంగల చివర్లను గాడి కోసి ఒకదానిలో ఒకటి కూర్చారు, సందుల్లో మట్టి మెత్తారు. ఒక గోడకు పొయ్యి, మిగతా గోడల వెంట అంతస్తులుగా చెక్క పడకలు. గుడిసెలన్నీ వరసలో, ఒకే కొలతతో ఉండాలనీ, తేడాగా కట్టినవాటిని పీకి మళ్లీ కట్టించాలనీ వాషింగ్టన్ ఆజ్ఞ.

నేల మీద మాస్కింగ్ టేపుతో 14 × 16 అడుగుల గడి వేయండి. అంటే 224 చదరపు అడుగులు, మనిషికి 19 కూడా రాదు. చాలామంది ఇక్కడే ఆపేసి 12 మంది పిల్లల్ని లోపల కూర్చోబెడతారు. వాళ్లు హాయిగా కాళ్లు చాపుకుని "చాలా చోటుందే" అంటారు. కారణం, లోపలి సామాన్లు గీయకపోవడం. పొయ్యికి ఒక చివర 5 × 3 అడుగులు, తలుపు తెరుచుకోవడానికి 3 × 3, పడకల నాలుగు వరసలకు ఒక్కోదానికి 6 × 2½ అడుగులు గీసి, వాటిలో కాలు పెట్టకూడదనండి. ఈ లోపలి కొలతలు అంచనాకు వేసుకున్నవేనని పిల్లలకూ చెప్పండి. ఇప్పుడు మధ్యలో మిగిలిన చోట 12 మంది నిలబడి ఒకరు తడి కోటు విప్పాలి, ఒకరు వంట చేయాలి, ఒకరు తుపాకి తుడవాలి. అయిదు నిమిషాలకు మించి వద్దు. దాటితే అది ఆటైపోతుంది.

తర్వాత తిండి లెక్క. అసలైన పాఠం ఇదే. 1775 నవంబర్‌లో కాంగ్రెస్ (తిరగబడ్డ వలసల ఉమ్మడి సభ) నిర్ణయించిన రోజువారీ రేషన్ ప్రకారం ఒక్కో సైనికుడికి ఒక పౌండు గొడ్డు మాంసం (లేదా ముప్పావు పౌండు పంది మాంసం, లేదా ఒక పౌండు ఉప్పు చేప), ఒక పౌండు రొట్టె లేదా పిండి, ఒక పింటు పాలు. వారానికి మూడు పింట్ల బఠాణీ లేదా చిక్కుళ్లు. వెలుగు కోసం వంద మందికి వారానికి మూడు పౌండ్ల కొవ్వొత్తులు. పన్నెండు మంది గుడిసెకు వారానికి ఎంత కొవ్వొత్తి వస్తుందో లెక్క చేయించండి. మూడో వంతు పౌండుకు కాస్త ఎక్కువ. శీతాకాలపు రాత్రి ఎంత పొడుగో పక్కనే రాయించండి.

పదివేల మంది అనుకుని పిండి లెక్క కడదాం. రోజుకు 10,000 పౌండ్లు. ఆనాటి పిండి పీపాలో 196 పౌండ్లు పట్టేవి. రోజుకు 51 పీపాలు, నెలకు 1,530. ఒక ఎద్దు నుంచి 400 పౌండ్ల మాంసం వస్తుందనుకుంటే రోజుకు 25 ఎద్దులు, నెలకు 750. ఎద్దు బరువు మన ఊహ అని పిల్లలకు స్పష్టంగా చెప్పి, 300, 500 వేసి కూడా చూడమనండి. ఇక ఆ ఊళ్లో ఉన్నవి కొన్ని పదుల ఇళ్లు మాత్రమే. "ఈ తిండి ఎవరు పెట్టారు, ఏ బండి మీద వచ్చింది, మంచు పడితే ఏమైంది?" అన్న ప్రశ్నలు మీరు అడగక్కర్లేదు.

మంచు మామూలుగా పడలేదు. ఆ చలికాలం శతాబ్దపు అతి కఠినమైన చలికాలాల్లో ఒకటి. జనవరి మొదటి వారపు తుపాను దారుల్ని పూడ్చేసింది. న్యూయార్క్ ఓడరేవు గడ్డకట్టి, బ్రిటిష్ వాళ్లు మంచు మీదుగా ఫిరంగుల్ని స్టాటెన్ ద్వీపానికి లాక్కెళ్లారు. బళ్లు ఆగిపోయాయి. జనవరి 8న వాషింగ్టన్ న్యూజెర్సీ కౌంటీల మేజిస్ట్రేట్లకు ఉత్తరం రాశాడు. రెండు వారాలుగా సైన్యం తిండి లేక నశించే స్థితిలో ఉందని చెబుతూ ఒక్కో కౌంటీకి ఇన్ని పశువులు, ఇంత ధాన్యమని వాటా వేశాడు. ఉత్తరాలు తీసుకెళ్లిన అధికారులకు ఇంకో మాట కూడా చెప్పి పంపాడు: ఇవ్వకపోతే బలవంతంగా తీసుకోండి. కౌంటీలు ఇచ్చాయి. ఈ ఉత్తరాన్ని చదివించి "ఇది విన్నపమా, ఆజ్ఞా?" అని చర్చ పెట్టండి. పిల్లలు రెండుగా చీలిపోతారు. రెండు పక్షాలకూ ఉత్తరంలోనే ఆధారం దొరుకుతుంది.

నిప్పుల మీద కాల్చే పిండి రొట్టె చేసి చూపించాలనుకుంటే ఒక కప్పు గోధుమ పిండి, మూడో వంతు కప్పు నీళ్లు. ముద్ద చేసి పావు అంగుళం మందంలో ఒత్తి, 200 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో అంచులు గోధుమరంగు వచ్చేదాకా ఉంచాలి, దాదాపు 20 నిమిషాలు. మందంగా ఒత్తితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పచ్చి పిండి పిల్లల్ని తిననివ్వకండి. గ్లూటెన్ పడని వాళ్లెవరో ముందే కనుక్కోండి. ఆకలి తెలియాలని భోజనం ఆలస్యం చేయించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దయచేసి అలా చేయకండి. పిల్లలకు తెలిసేది టీచర్ మీద కోపం ఒక్కటే.

ప్రశ్న: వాషింగ్టన్ సైన్యానికి వ్యాక్సిన్ వేయించాడని మా అబ్బాయి రాశాడు. టీచర్ తప్పు పెట్టారు. తప్పేమిటి? — ఒక తల్లి

టీచర్‌దే సరి. మశూచి వ్యాక్సిన్‌ను ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ప్రయోగించాడు. మోరిస్‌టౌన్‌లో 1777లో చేసింది అంతకు ముందటి పద్ధతి. రోగి పొక్కులోంచి తీసిన పదార్థాన్ని ఆరోగ్యవంతుడి చర్మంపై చిన్న గాటులో పెట్టడం. అంటే అసలు మశూచినే, తేలిగ్గా వచ్చేలా, అంటించడం. ఇలా వచ్చిన జబ్బుతో చనిపోయేవారు నూటికి ఒకరిద్దరు. మామూలుగా సోకితే ఇంతకు ఎన్నో రెట్లు.

తేడా ఎందుకు ముఖ్యమంటే, ఈ పద్ధతిలో గాటు పెట్టించుకున్నవాడు కొన్ని వారాలు మంచాన పడతాడు, ఆ రోజుల్లో ఇంకొకరికి అంటిస్తాడు కూడా. 1777 ఫిబ్రవరిలో వాషింగ్టన్ ఈ నిర్ణయం తీసుకున్నప్పుడు అతని ముందున్న భయాలు రెండు: సగం సైన్యం మంచాన ఉందని బ్రిటిష్ వాళ్లకు తెలియడం, ఊరి జనానికి జబ్బు పాకడం. అందుకే విడతలుగా, గుట్టుగా చేయించాడు. రోగుల్ని ఊరి ఇళ్లలో, చర్చిల్లో ఉంచారు. ఊరివాళ్లలో చాలామంది ఆ ఏడాది మశూచితో పోయారు. యుద్ధంలో చిన్న ఊరి పాత్ర అంటే ఇదీ ఒకటి. వ్యాక్సిన్ అని రాసేస్తే ఈ ప్రమాదమంతా కనబడకుండా పోతుంది.

దీనికి తోడు ఒక పోలిక చేయించండి. వాలీ ఫోర్జ్‌లో దాదాపు రెండువేల మంది చనిపోయారు, ఎక్కువగా జబ్బులతో. చలి ఇంకా ఘోరంగా ఉన్న 1779–80 మోరిస్‌టౌన్ విడిదిలో చనిపోయింది సుమారు వంద మంది. ఎందుకని అడిగితే పిల్లలు "తిండి బాగా దొరికింది" అంటారు. అది కాదు. మశూచికి విరుగుడు ముందే జరిగింది, గుడిసెలు మెరుగ్గా కట్టారు, శుభ్రత విషయంలో అధికారులు గట్టిగా ఉన్నారు.

ప్రశ్న: టెంపీ విక్ గుర్రాన్ని పడకగదిలో దాచిన కథ, పనిలేని సైనికులతో కట్టించిన ఫోర్ట్ నాన్సెన్స్ కథ చెప్పవచ్చా? పిల్లలకు ఇవే బాగా నచ్చుతాయి. — గ్రంథాలయంలో కథా కాలక్షేపం నడిపే పాఠకురాలు

చెప్పండి. చెప్పి, వాటినే విప్పించండి. ఆధారాన్ని పరీక్షించడం నేర్పడానికి ఇంతకన్నా మంచి సరుకు ఈ ఊళ్లో లేదు.

ఫోర్ట్ నాన్సెన్స్ ముందు చూడండి, తేలిక. సైనికులు ఊరికే కూర్చుంటే చెడిపోతారని వాషింగ్టన్ ఉత్తుత్తి కోట కట్టించాడని కథ. రికార్డు వేరే చెబుతోంది. 1777 మే నెలలో సైన్యం కదిలినప్పుడు, ఊళ్లోని సామాన్ల నిల్వలకు కాపలా ఉండి కొండ మీది కట్టడాన్ని బలపరచమని ఒక అధికారికి వాషింగ్టన్ రాసిన ఆజ్ఞ ఉంది. "నాన్సెన్స్" అన్న పేరు అచ్చులో కనబడేది 1833లో, అంటే 56 ఏళ్ల తర్వాత. పిల్లలతో ఈ రెండు తేదీలూ కాలరేఖ మీద పెట్టించండి. మీరు వ్యాఖ్యానించకండి.

టెంపీ విక్ కథ అంత తేలిగ్గా తెగదు, అందుకే ఇంకా మంచిది. 1781 జనవరిలో పెన్సిల్వేనియా దళం తిరగబడిన రోజుల్లో సైనికులు తన గుర్రాన్ని లాక్కోబోతే ఆమె ఇంట్లోకి తోలుకుపోయి పడకగదిలో దాచిందని చెబుతారు. ఒక కాగితాన్ని మూడు నిలువు గడులుగా మడిపించండి. మొదటి గడిలో "నిజమని తెలిసింది": విక్ ఇల్లు ఇప్పటికీ ఉంది, టెంపరెన్స్ (టెంపీ) విక్ అన్న అమ్మాయి ఉండేది, 1779–80లో ఆ ఇంట్లో జనరల్ సెయింట్ క్లెయిర్ బస చేశాడు, తిరుగుబాటు జరిగింది. రెండో గడిలో "జరిగి ఉండవచ్చు": సైనికులు గుర్రాల కోసం వెతకడం. మూడో గడిలో "ఆధారం లేదు": గుర్రం, పడకగది. ఈ కథ అచ్చులోకి వచ్చింది దాదాపు శతాబ్దం తర్వాతే.

ఇక్కడ టీచర్లు తరచు ఒక అడుగు ఎక్కువ వేసి "కాబట్టి ఇది అబద్ధం" అని తేల్చేస్తారు. ఆధారం లేదనడం వేరు, జరగలేదని రుజువు కావడం వేరు. పిల్లలకు ఈ తేడా పదేళ్ల వయసులో అర్థమవుతుంది, మనం అవకాశమిస్తే.

కళ్లతో చూసినవాడు రాసినదైనా సరే, అదే పరీక్ష పెట్టండి. కనెక్టికట్ సైనికుడు జోసెఫ్ ప్లమ్ మార్టిన్ 1779–80 చలికాలంలో నాలుగు రోజులు తిండి లేక చెట్టు బెరడు కొరికానని, కొందరు పాత బూట్లు కాల్చుకు తిన్నారని రాశాడు. అతను అక్కడ ఉన్నమాట నిజం. కానీ పుస్తకం 1830లో వచ్చింది, అప్పటికి అతనికి దాదాపు 70 ఏళ్లు. పక్కనే వాషింగ్టన్ జనవరి 8 ఉత్తరం పెడితే ఆకలి మాట నిలుస్తుంది. బూట్ల వివరం ఒక్కడి జ్ఞాపకంగానే మిగులుతుంది.

ప్రశ్న: సైనికుల తిరుగుబాట్ల గురించి చెబితే దేశభక్తి తగ్గుతుందని ఒక తండ్రి అభ్యంతరం చెప్పారు. వదిలేయాలా? — ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు

వదిలేస్తే మోరిస్‌టౌన్ పాఠంలో సగం పోతుంది.

మొదటిది 1780 మే 25న. కనెక్టికట్ రెజిమెంట్లు రెండు, తిండి లేదు, అయిదు నెలల జీతం బాకీ అంటూ ఆయుధాలతో వరసకట్టాయి. అడ్డం వెళ్లిన కల్నల్ మెగ్స్‌కు బాయినెట్ గాయమైంది. పెన్సిల్వేనియా దళాన్ని రప్పించి అణచారు. ఏడు నెలలు దాటాక, 1781 జనవరి 1 రాత్రి, ఆ పెన్సిల్వేనియా దళమే తిరగబడింది. కెప్టెన్ ఆడమ్ బెట్టిన్ చనిపోయాడు. తమ దళాధిపతి జనరల్ వేన్ మాట వినకుండా సైనికులు బారులు తీరి ప్రిన్స్‌టన్ వైపు నడిచారు.

వాళ్ల గొడవ ప్రధానంగా ఒప్పంద పత్రంలోని ఒక్క షరతు మీద: "మూడేళ్లు లేదా యుద్ధం సాగినంత కాలం." మూడేళ్లయింది, ఇంటికి పోతామని సైనికులు. యుద్ధం అయిపోలేదు, ఉండాల్సిందేనని అధికారులు. ఈ షరతును బోర్డు మీద రాసి, తరగతిని రెండు జట్లు చేసి, ఏ అర్థం సరైనదో వాదించమనండి. తర్వాత అసలు ఏం జరిగిందో చెప్పండి. పెన్సిల్వేనియా పాలక మండలి అధ్యక్షుడు జోసెఫ్ రీడ్ వచ్చి మాట్లాడాడు. సగానికి పైగా సైనికులకు విడుదల దొరికింది. వాళ్లలో చాలామంది మళ్లీ చేరారు.

ఆ తండ్రికి ఇంకో సంగతి చూపించండి. తిరుగుబాటుదారుల్ని తమవైపు లాక్కోవాలని బ్రిటిష్ సేనాని క్లింటన్ మనుషుల్ని పంపితే, సైనికులే వాళ్లను పట్టి అప్పగించారు. వాళ్లను గూఢచారులుగా ఉరితీశారు. అయితే దీన్ని చెప్పి ఆగిపోకండి. అదే నెలలో పాంప్టన్‌లో తిరగబడ్డ న్యూజెర్సీ సైనికుల్లో ఇద్దరిని వాషింగ్టన్ ఆజ్ఞపై కాల్చి చంపారు. ఒకచోట చర్చలు, ఇంకోచోట తుపాకి. ఎందుకిలా అన్నది ఎనిమిదో తరగతి వాళ్లు ఆలోచించగలరు.

ప్రశ్న: మా పుస్తకంలో ఫోర్డ్ భవంతి అంటే వాషింగ్టన్, హామిల్టన్, లఫాయెత్. అంతే. ఇంకెవరూ లేరా? — ఇంట్లో చదివించే తల్లి

ఇల్లుగలావిడే ఉంది. థియోడోషియా ఫోర్డ్. తుపాకిమందు మిల్లు నడిపిన జేకబ్ ఫోర్డ్ జూనియర్ 1777 జనవరిలో జబ్బుతో చనిపోయాడు. నలుగురు పిల్లలతో ఉన్న ఆ వితంతువు ఇంట్లో దాదాపు ఆరు నెలలు సైన్యాధిపతి కుటుంబం, సహాయకులు, నౌకర్లు. ఆమెకు మిగిలినవి రెండు గదులు. 1780 జనవరి 22న వాషింగ్టన్ సైన్యం సరఫరాలు చూసే జనరల్ గ్రీన్‌కు రాసిన ఉత్తరం తప్పక చదివించండి: తన వైపువాళ్లు 18 మంది, మిసెస్ ఫోర్డ్ వాళ్లంతా ఒకే వంటగదిలో కిక్కిరిసి ఉన్నారని, జలుబుతో ఎవరికీ గొంతు పెగలడం లేదని అందులో ఫిర్యాదు. వేరే వంటిల్లు కట్టాలన్నది అతని గోడు. ఇదే సంగతి థియోడోషియా రాసి ఉంటే ఎలా ఉండేదో పిల్లలతో ఒక పేజీ రాయించవచ్చు, అది ఊహ అని పైన రాయించి.

వాషింగ్టన్ వెంట యుద్ధమంతా ఉన్న బానిస విలియం లీ పేరు చెప్పండి. న్యూజెర్సీలో బానిసత్వం అప్పుడు చట్టబద్ధం. క్రమంగా రద్దుచేసే చట్టం 1804లో గానీ రాలేదు, అదీ ఆ జూలై 4 తర్వాత పుట్టినవారికి, ఏళ్ల తరబడి పనిచేశాకే. బానిసల పాత్రను పిల్లలచేత నటింపజేయకండి. పత్రాలు చదివించండి, చాలు. రేషన్ తీసుకుంటూ బట్టలుతికి, రోగుల్ని చూసుకుంటూ విడిదిలో ఉన్న స్త్రీలనూ, రాజు పక్షాన నిలిచి జైలుపాలైన ఊరివాళ్లనూ కూడా జాబితాలో చేర్చండి.

ప్రశ్న: బ్రిటిష్ పక్షానికి మారిన అమెరికన్ జనరల్ బెనెడిక్ట్ ఆర్నల్డ్‌ను దేశద్రోహానికి మోరిస్‌టౌన్‌లో విచారించారా?

కాదు. 1779 డిసెంబర్, 1780 జనవరిలో ఇక్కడి సత్రంలో జరిగిన సైనిక విచారణ, ఫిలడెల్ఫియాలో అధికార దుర్వినియోగం గురించి. రెండు చిన్న అభియోగాలు నిలిచాయి, వాషింగ్టన్ మందలించాడు. ద్రోహం బయటపడింది 1780 సెప్టెంబర్‌లో.

ప్రశ్న: పిల్లల్ని చూడటానికి తీసుకెళ్తున్నాం. ఏ క్రమంలో చూపించాలి?

1933లో ఏర్పడిన మోరిస్‌టౌన్ నేషనల్ హిస్టారికల్ పార్క్ చోట్లు ఒకదానికొకటి ఆనుకుని లేవు, బండి కావాలి. ముందు జాకీ హాలో, తర్వాత ఫోర్డ్ భవంతి. తిరగేస్తే భవంతి అందం ముందు గుడిసెలు బొమ్మరిల్లులా అనిపిస్తాయి. గుడిసెలు తర్వాతి కాలంలో తిరిగి కట్టినవని, ఫోర్డ్ భవంతి మాత్రం అసలుదని దిగేముందే చెప్పండి. విక్ ఇంట్లో పిల్లలు పడకగది తలుపు వెడల్పు కొలవాలని గొడవ చేస్తారు. వస్తువులు ముట్టుకోకుండా కళ్లతో అంచనా వేయనివ్వండి. ఫోర్ట్ నాన్సెన్స్ కొండ ఆఖరున. పిల్లల చేతిలో ఆ మూడు పొరల పటం ఉండాలి, ఆకులు రాలిన కాలమైతే దిక్కులు ఇంకా బాగా కనబడతాయి.

ప్రశ్న: మాది మోరిస్‌టౌన్ కాదు, న్యూజెర్సీలోనే పక్క కౌంటీలో చిన్న ఊరు. మా ఊరి పాత్ర ఎలా వెతకాలి? — ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు

రెండు దారులు. ఒకటి పింఛను దరఖాస్తులు. 1832 చట్టం కింద ముసలి సైనికులు ఎక్కడ చేరాం, ఎవరి కింద పనిచేశాం అని కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలాలు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) ఉన్నాయి. తండ్రీకొడుకులకు ఒకే పేరుండటం మామూలు కాబట్టి వయసు, కంపెనీ కెప్టెన్ పేరు రెండూ కలిశాకే మీ ఊరివాడని రాసుకోండి. మిలీషియాలో (స్థానిక పౌర దళంలో) నెల చొప్పున పనిచేసినవారిని కాంటినెంటల్ సైన్యంలో (వాషింగ్టన్ నడిపిన శాశ్వత సైన్యంలో) కలపకండి. యాభై ఏళ్ల తర్వాతి జ్ఞాపకంలో సంవత్సరాలు ముందువెనకలవుతాయి.

రెండోది నష్టాల జాబితాలు. యుద్ధంలో ఏం పోయిందో న్యూజెర్సీ జనం రాసిచ్చిన పత్రాలు రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. బ్రిటిష్ వాళ్లు చేసిన నష్టం ఒకచోట, మన సైన్యమే చేసిన నష్టం ఇంకోచోట. కంచె కర్రలు, గడ్డి, గొర్రెలు, వంటపాత్రలతో సహా ఉంటాయి. వెలలు పౌండ్లు, షిల్లింగుల్లో ఉంటాయి. న్యూజెర్సీలో ఒక స్పానిష్ డాలర్ 7 షిల్లింగుల 6 పెన్నీలు. ఇంగ్లండ్ పౌండుగా లెక్కేస్తే మొత్తం తప్పుతుంది. వాషింగ్టన్ ఉత్తరాల కోసం "ఫౌండర్స్ ఆన్‌లైన్" వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరు వెతకండి. ఆనాటి అక్షరక్రమం వేరు కాబట్టి రెండు మూడు రకాలుగా టైప్ చేయాలి.

ప్రశ్న: ఆకలితో చస్తున్న చలికాలంలో అధికారులు నాట్య విందులకు తలా 400 డాలర్లు ఇచ్చారట. నిజమేనా? పిల్లలు మండిపడుతున్నారు.

నిజం. సంతకాల జాబితా ఉంది, వాషింగ్టన్‌తో సహా. మండిపడటానికి ముందు లెక్క చేయించండి. 1780 మార్చిలో కాంగ్రెస్ కాగితపు డాలర్లు 40కి వెండి డాలర్ ఒకటని కట్టింది. అంటే 400 కాగితపు డాలర్లు 10 వెండి డాలర్లు. అంత పెద్ద మొత్తమేం కాదని పిల్లలు శాంతిస్తారు.

అప్పుడు రెండో లెక్క ఇవ్వండి. మామూలు సైనికుడి జీతం నెలకు ఆరూ రెండింట మూడో వంతు డాలర్లు, అదే కాగితంలో. 400ను దానితో భాగిస్తే 60 నెలలు. అతని ఒక నెల జీతం వెండిలో 17 సెంట్ల లోపు, అదీ అయిదు నెలలుగా అందలేదు. ఈ అంకెల్ని ఇప్పటి డాలర్లలోకి మార్చే ప్రయత్నం చేయకండి, జీతంతో పోలిక చాలు. రెండు లెక్కలూ ఒకే పేజీలో ఎదురెదురుగా రాయించి, మే 25 తిరుగుబాటు పాఠాన్ని ఆ మర్నాడే పెట్టుకోండి.